ఎందుకు రాలేదో చెప్పే కాగితం

2025 ఏప్రిల్ 3, గురువారం

సన్న బియ్యం వచ్చేశాయి. ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి పథకం మొదలుపెట్టడం టీవీలో చూశాం. వారం తిరక్కముందే ఫిల్మ్ నగర్ బస్తీ రేషన్ షాపులో బస్తాలు దిగాయి. మనిషికి ఆరు కిలోలు, పైసా కట్టక్కర్లేదు.

పొద్దున్నుంచీ షాపు ముందు ఆడవాళ్ల వరస. ఇన్నాళ్లూ దొడ్డు బియ్యం తీసుకున్నవాళ్లలో చాలామంది వండుకునేవాళ్లు కాదు. సందు చివర కొనేవాడు కాచుకుని ఉండేవాడు. అవి దోసె పిండికో, కోళ్ల దాణాకో పోయేవి. ఈసారి సంచులు నేరుగా ఇళ్లకే వెళ్లాయి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య, పాలమూరు మనిషి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఊది, ఒకటి పంటి కింద కొరికి చూసి, "కొత్త బియ్యమే అక్కా, ముద్దగైతయ్. అయినా మంచిగున్నయ్" అంది. నీళ్లు తగ్గించి పెట్టుకొమ్మని వెనకనుంచి ఒక పెద్దావిడ చెప్పింది. వరసలో జరిగిన చర్చ అంతా ఇదే, ఎసరు ఎంత పెట్టాలని. ఇంత పెద్ద పథకం గురించి జనం వంటింటి మాటలు మాట్లాడుకుంటుంటే మనసు నిండిపోయింది.

లైట్‌మన్ భార్య మాత్రం వరసలో లేదు, పక్కన నిలబడి చూస్తోంది. పెళ్లయి ఆరేళ్లు. పెళ్లవగానే పుట్టింటి కార్డులోంచి పేరు తీయించేశారు. ఇక్కడి కార్డులోకి ఎక్కించమని పెట్టిన దరఖాస్తు అలాగే ఉండిపోయింది. ఇద్దరు పిల్లల పేర్లూ లేవు. కార్డులో ఉన్నది మొగుడూ అత్తగారూ. అయిదుగురి ఇంటికి పన్నెండు కిలోలు.

సాయంత్రం మీసేవ రసీదు తెచ్చి నా ముందు పెట్టింది. నంబరు కొట్టి చూశాను. పెండింగ్ అని ఒక్క మాట. ఎవరి దగ్గర ఆగింది, ఏ కాగితం తక్కువైంది, ఎన్నాళ్లు పడుతుంది, ఏమీ లేదు. "రాదంటే రాదని చెప్పమనుండ్రి అక్కా. ఎందుకు రాదో గదొక్కటి చెప్తే నేను పొయ్యి తెచ్చుకుంట" అంది.

2025 ఏప్రిల్ 20, ఆదివారం

డబ్బింగ్ సినిమాకు మాటలు రాసే పని ఇవాళ లేదు. బస్తీలో కూర్చున్నాను. ఆదివారం అయితే నాలుగు దరఖాస్తులైనా నింపడం అవుతుంది.

బయటివాళ్లకు ఫిల్మ్ నగర్ అంటే పెద్ద గేట్లు, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబరు, దైవసన్నిధానం. ఆ కొండ వాలులోనే బండల మధ్య బస్తీలున్నాయి. మద్రాసు నుంచి పరిశ్రమ ఇటు తరలివచ్చిన రోజుల్లో బంగళాలు కట్టిన తాపీపనివాళ్లు, సెట్లు వేసిన వడ్రంగులు, రంగులేసేవాళ్లు పని దగ్గరే గుడిసెలు వేసుకున్నారు. గుడిసెలు రేకుల ఇళ్లయ్యాయి, రేకుల మీద స్లాబులు పడ్డాయి. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 కింద 125 గజాల్లోపు ఇళ్లను పేదలకు ఉచితంగా క్రమబద్ధం చేస్తామన్నప్పుడు కొందరు పట్టాలు తెచ్చుకున్నారు. మిగతావాళ్ల దగ్గర నోటరీ కాగితమే ఉంది.

ఇవాళంతా కరెంటు బిల్లుల గొడవే. గృహజ్యోతి 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. నెలకు 200 యూనిట్లు దాటకపోతే జీరో బిల్లు. అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుందని మొదట్నుంచీ చెబుతున్నారు, నిజమే. కానీ ఈ సందులో ఒక ఇల్లు చూశాను. మూడంతస్తులు, నాలుగు గదులు, నాలుగు కుటుంబాలు, ఒకటే మీటరు. గదికో ఫ్యాను, రెండు బల్బులు, ఓ టీవీ, అందరికీ కలిపి మెట్ల కింద ఒక నీళ్ల మోటారు. ఒక్కో కుటుంబం కాల్చేది 60, 65 యూనిట్లు. నలుగురిదీ కలిపితే 260. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాల్సిందే కాబట్టి ఆ మీటరుకు జీరో బిల్లు ఎప్పటికీ రాదు. పైన బంగళాలో రెండు ఏసీలున్నవాళ్లకు ఈ పథకం అక్కర్లేదు. కింద గదిలో 60 యూనిట్లు కాల్చే మనిషికి అక్కరుండీ అందదు. పైగా ఇంటాయన సబ్‌మీటరు చూసి యూనిట్‌కింత అని వసూలు చేస్తాడు.

వేరే మీటరు పెట్టించుకోమన్నారట అడిగితే. దానికి ఇంటి కాగితాలు కావాలి. ఇంటాయన దగ్గరున్నది నోటరీ. అక్కడికి దారి మూసుకుపోయింది.

ఈ పథకం రాసినవాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం ఉందని నేననుకోను. ఇల్లంటే ఒక కుటుంబం, ఒక మీటరు అని అనుకుని రాశారు. ఇక్కడి ఇల్లు అలా ఉండదని తెలిసిన మనిషి ఎవరంటే నెలనెలా వచ్చి రీడింగ్ తీసే కుర్రాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

2025 మే 11, ఆదివారం

మా అమ్మాయి సెంట్రల్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఎకనామిక్స్ వాళ్లకు ఇండోనేషియా గురించి పాఠం ఉందట. బియ్యం కథ చెప్పింది. రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాను.

అక్కడ పేదలకు తక్కువ ధరకు బియ్యమిచ్చే పథకాన్ని రాస్కిన్ అనేవారు. కుటుంబానికి నెలకు 15 కిలోలు. రాజధాని జకార్తాలో జాబితా తయారవుతుంది, బియ్యం ఊరికి చేరుతుంది. అక్కడినుంచి పంచేది ఊరి పెద్ద. 1990ల చివర దాకా అన్నీ జకార్తా నుంచే నడిచిన దేశం, 2001 నుంచి అధికారాలు జిల్లాలకు ఇచ్చింది. ఊరి పెద్ద ఏం చేసేవాడంటే, జాబితాలో ఉన్నవాళ్లకే ఇస్తే మిగతావాళ్లు ఊరుకోరని తలా కాస్తా పంచేసేవాడు. కొన్నిచోట్ల ధర కూడా ఎక్కువే తీసుకునేవారు. అసలు పేదవాడికి రావాల్సిన 15 కిలోల్లో సగం కూడా చేరేది కాదు. అందులో దోపిడీ కొంత ఉంది, ఊరి శాంతి కోసం చేసిన సర్దుబాటూ ఉంది. ఆ సర్దుబాటును నేను తేలిగ్గా తీసిపారేయలేను. రోజూ ఆ జనం మధ్య బతకాల్సింది అతనే కదా.

2012లో అభిజిత్ బెనర్జీ, రేమా హన్నా, బెన్ ఒల్కెన్ మరికొందరు కలిసి అక్కడి ప్రభుత్వంతో ఒక పని చేయించారు. 572 గ్రామాలు తీసుకుని, కొన్నింట్లో అర్హులైన కుటుంబాలకు ఒక కార్డు పోస్టులో పంపారు. నువ్వు అర్హుడివి, నీకు ఇంత బియ్యం వస్తుంది అని. కొన్నిచోట్ల కార్డు మీద ధర కూడా అచ్చు వేశారు, కొన్నిచోట్ల అర్హుల జాబితాను ఊళ్లో అందరికీ కనపడేట్టు అంటించారు. బియ్యం ఎక్కువ పంపలేదు. అధికారులను మార్చలేదు. అయినా కార్డులు చేరిన ఊళ్లలో అర్హులకు అందిన సాయం 26 శాతం పెరిగింది. జాబితా అంటించిన చోట ఇంకా ఎక్కువ. చేతిలో కాగితం ఉన్న మనిషి ఊరి పెద్ద ముందు నిలబడి అడగగలిగాడు.

ఇది వింటుంటే 2020 అక్టోబరు కళ్లముందు కదిలింది. ఆ వానలకు కింద నదీమ్ కాలనీ మునిగిపోయింది. నగరమంతా వరద సాయంగా కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించారు. మొదట చేతికి నగదుగా పంచారు. ఎవరు అర్హులో జాబితా ఏ గోడ మీదా లేదు. స్థానిక నాయకులు సగం ఉంచుకుని సగం ఇచ్చారన్న ఆరోపణలు ఏ వార్డులో చూసినా వినిపించాయి. తర్వాత మీసేవలో పెట్టుకోమన్నారు. జనం తెల్లవారుజాము నుంచే వరసల్లో నిలబడ్డారు. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపేయమంది, డిసెంబరు 1న నగరపాలక ఎన్నికల పోలింగు. వందల కోట్ల రూపాయలు మంజూరు చేసిన ప్రభుత్వం, ఒక పేర్ల జాబితా అంటించి ఉంటే ఆ గొడవలో సగం ఉండేది కాదు.

అడగడానికి పెద్ద యంత్రాంగం కూడా అక్కర్లేదని అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. 2018లో రైతుబంధు మొదటి చెక్కులు పంచేటప్పుడు రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని తెలంగాణలోనే కొన్ని మండలాల అధికారులకు ముందే చెప్పారు. ఆ మాట చెప్పిన చోట పంపిణీ మెరుగుపడింది. ఒక ఫోన్ కాల్!

2025 జూన్ 6, శుక్రవారం

మూడు నెలల బియ్యం ఒకేసారి ఇస్తున్నారు. వానాకాలం రవాణా ఇబ్బంది లేకుండా జూన్, జూలై, ఆగస్టు కోటా ఇప్పుడే. మనిషికి 18 కిలోలు. నలుగురున్న ఇంటికి 72.

పదడుగుల గదిలో 72 కిలోలు ఎక్కడ పెడతారు? మేకప్ అసిస్టెంట్ వాళ్లమ్మగారింట్లో మంచం కింద ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క, చెక్క మీద సంచులు. నిన్నటి వానకు గోడ చెమ్మగిల్లి కింది సంచి ఒక మూల తడిసింది. ఆవిడ బియ్యం అంతా తీసి పాత చీర మీద ఆరబోసి, వేపాకు కలిపి మళ్లీ ఎత్తుతోంది. షాపులో మిషన్ మీద వేలు పదే పదే పెట్టించుకున్నారట. అంట్లు తోమి గీతలరిగిన వేళ్లు, మిషన్ గుర్తుపట్టలేదు. డీలర్ మంచివాడు. ఆవిడ చేతులు తడిగుడ్డతో తుడిపించి, మధ్యాహ్నం వరస తగ్గాక పిలిచి ఓపిగ్గా పెట్టించాడు. పథకం నడిచిందంటే ఇలాంటివాళ్ల ఓపిక మీద. వాళ్లకు కమీషన్ నెలల తరబడి ఆలస్యం చేయకుండా ఇవ్వాలి.

2025 జూన్ 22, ఆదివారం

కొల్లూరు వెళ్లి వచ్చాను. 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒకేచోట, ఆకాశానికంటిన బ్లాకులు. సరిగ్గా రెండేళ్ల కిందట ఇదే రోజు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. లాటరీలో మా బస్తీ ఆవిడకు ఇల్లు వచ్చింది. ఇల్లు నిజంగా బాగుంది. రెండు గదులు, హాలు, వంటిల్లు, లోపలే బాత్రూం. ఆవిడ నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూపించింది, రెండుసార్లు.

పని మాత్రం ఇంకా జూబ్లీహిల్స్‌లోనే. మూడిళ్లలో వంట. పొద్దున ఆరున్నరకల్లా మొదటి ఇంట్లో టిఫిను తయారుగా ఉండాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, మహాలక్ష్మి పథకం వచ్చి ఏడాదిన్నర దాటింది. ఉచితమైన ఆ బస్సు ఆ వేళకు అందాలి కదా. అందుకని వారంలో అయిదు రోజులు బస్తీలో చెల్లెలి గదిలోనే పడుకుంటోంది. ఇల్లు తాళం వేసి ఉంటే అద్దెకిచ్చారేమో, ఖాళీగా ఉంచారేమో అని అధికారులు తనిఖీకి వస్తారని భయం. తాళం ఎందుకు వేసి ఉందో రాసుకోవడానికి ఆ తనిఖీ ఫారంలో ఒక గడి ఉంటే బాగుండును.

2025 జూలై 16, బుధవారం

లైట్‌మన్ భార్య పేరు ఎక్కింది! పిల్లల పేర్లు కూడా. మొన్న 14న తుంగతుర్తి నియోజకవర్గంలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. ఆన్‌లైన్‌లో చూసి చెప్పగానే పరుగెత్తుకుని వచ్చింది. అయిదుగురికి ఇక 30 కిలోలు. వాళ్లాయన షూటింగ్ నుంచి ఫోన్ చేసి మరీ అడిగాడు, నిజమేనా అని. ఏళ్ల తరబడి ఆగిపోయిన పని ఈ ప్రభుత్వం చేసింది. ఆ మాట గట్టిగా చెప్పాలి.

అదే రోజు ఇంకొకావిడ దరఖాస్తు తిరస్కరించినట్టు వచ్చింది. భర్త కారు డ్రైవరు. ప్రొడక్షన్ కంపెనీలకు బండి నడుపుతాడు. బండి ఇతనిది కాదు. పట్టణంలో ఏడాదికి రెండు లక్షల లోపు ఆదాయం ఉండాలి, వీళ్లది అంతకు తక్కువే. మరి ఎందుకు? ఎవరూ చెప్పరు. ఇతని పేరున్న ఇంకెవరికో కారుందేమో, కంప్యూటర్ ఇద్దరినీ ఒకటిగా లెక్కేసిందేమో అని నా అనుమానం.

అలా అనుమానించడానికి కారణముంది. తెలంగాణలో గత దశాబ్దంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయి. వాహనాల రిజిస్ట్రేషను, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల లెక్కలన్నీ కలిపి చూసే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను ఏరివేతకు వాడారు. పేరు కలిసినందుకు, లేని కారు ఉందన్నందుకు కార్డు పోగొట్టుకున్నవాళ్ల గాథలు తర్వాత బయటికొచ్చాయి. హైదరాబాద్ కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. ఇంటికి వెళ్తే తెలిసే విషయం. గుమ్మంలో కారుందో చెప్పుల జత ఉందో కనపడుతుంది.

ఇండోనేషియాలో ఇంకో ప్రయోగం కూడా జరిగిందని మే నెలలో అమ్మాయి చెప్పింది, అప్పుడు రాయలేదు. 640 పల్లెల్లో చేశారట. కొన్నిచోట్ల ఇంటి గోడలు, వస్తువులు లెక్కపెట్టి ఎవరు పేదలో తేల్చారు. కొన్నిచోట్ల ఊరివాళ్లనే కూర్చోబెట్టి, ఒక్కో కుటుంబం పేరు చీటీ మీద రాసి, అందరికంటే నిరుపేద నుంచి కలిగినవాళ్ల దాకా వరసగా తాడుకు తగిలించమన్నారు. ఖర్చుల లెక్కల ప్రకారం చూస్తే మొదటి పద్ధతే కొద్దిగా మేలు. జనానికి మాత్రం రెండోదే న్యాయంగా తోచింది, ఫిర్యాదులు తగ్గాయి. మా సందులోనూ ఎవరు ఎలా బతుకుతున్నారో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టర్లు ఊరందరి ముందు చదివి వినిపించే పద్ధతిని దేశానికే నేర్పారు. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. కూలి పడిందా పడలేదా అని మైకులో అడిగితే ముసలమ్మ లేచి నిలబడి పడలేదని చెప్పగలిగింది. అదంతా పల్లెల్లో. నగరంలో వార్డు కమిటీలు, ఏరియా సభలు చట్టంలో ఉన్నాయి. మా బస్తీలో జాబితా చదివిన సభను నేను చూడలేదు.

2025 ఆగస్టు 13, బుధవారం

షూటింగులు 4వ తేదీ నుంచి బంద్. సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం కూలి పెంచమంటోంది. మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే. టీ కొట్టు దగ్గర క్యారమ్స్ ఆడుతున్నారు కానీ ఎవరి ముఖంలోనూ ఆట లేదు. రోజు కూలీకి పనిలేని రోజు అప్పు రోజు.

సినీ కార్మికుల కోసం 1981లోనే పార్లమెంటు చట్టాలు చేసింది. సంక్షేమ నిధి, దానికోసం ప్రతి సినిమా మీద సెస్సు, గుర్తింపు కార్డు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, వైద్య సాయం. ఆ సెస్సును తర్వాత ఎత్తేశారు. ఆ కార్డు ఎవరి దగ్గరుందని క్యారమ్ బోర్డు చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను. యూనియన్ కార్డులు తీశారు. కేంద్రం కార్డు గురించి ఒక్కరికీ తెలియదు.

2025 ఆగస్టు 22, శుక్రవారం

సమ్మె ముగిసింది. లేబర్ కమిషనర్ దగ్గర కుదిరింది. రోజుకు 2,000 లోపు కూలి ఉన్నవాళ్లకు మూడేళ్లలో 22.5 శాతం పెంపు. రేపటి కాల్‌షీట్లు రాత్రికే వచ్చేశాయి.

2025 అక్టోబర్ 29, బుధవారం

నిన్న యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభ. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు. కార్మికుల సంక్షేమ నిధికి 10 కోట్లు ఇస్తామన్నారు. టికెట్ ధర పెంచుకోవడానికి ఇకమీదట అనుమతి కావాలంటే పెరిగిన ఆదాయంలో 20 శాతం కార్మికులకు ఇవ్వాలన్నారు. వినగానే సభ మొత్తం లేచి నిలబడింది. నాక్కూడా గొంతు పట్టేసింది. ఏ పెద్ద సినిమాకైనా టికెట్ పెంచుతారు, పెంచిన డబ్బులో లైట్ మోసినవాడికి వాటా ఉండాలని ఒక ముఖ్యమంత్రి నోట వినడం చిన్న విషయం కాదు.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆ 20 శాతం ఎవరికి అందుతుంది? కార్మికుడంటే ఎవరు? యూనియన్ కార్డున్నవాడేనా? కార్డు కావాలంటే సభ్యత్వానికి పెద్ద మొత్తమే కట్టాలి. అంత కట్టలేక కార్డు లేకుండానే షూటింగుల్లో జనంగా నిలబడే ఆడవాళ్లు, ప్రొడక్షన్ వంటల దగ్గర గిన్నెలు కడిగేవాళ్లు, సెట్టు కూల్చాక మేకులు పీకేవాళ్లు ఈ సందులోనే ఎంతమంది! ఏ జాబితాలోనూ లేనివాళ్లు వాళ్లు. జీవో రాసేలోపే ఈ సంగతి పైకి చేరాలి, రాశాక కాదు.

పొద్దున్నే ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్) అక్కతో మాట్లాడాను. పొదుపు సంఘాలన్నీ చూసేది ఆవిడే. ఏ గదిలో ఎవరుంటారో, ఎవరి మొగుడు పనికి పోవడం మానేశాడో ఆవిడకు తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు. "మనమే రాద్దాం అక్కా, రాసి సంఘం మీటింగుల చదువుదాం. తప్పుంటే గక్కడనే దిద్దుకుంటరు" అంది. ఈ ఆదివారం మొదలుపెడతాం. కార్డు లేకుండా సినిమా పని చేసేవాళ్ల పేర్లు, చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో. ఎవరి గుమ్మంలో వాళ్ల ముందే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర కాదు, సంతకం.

డ్రైవరు భార్య దరఖాస్తు సంగతి కూడా తేలాలి. సమాచార హక్కు కింద ఒక అర్జీ రాశాను. కార్డు తిరస్కరించడానికి కారణం ఏమిటి, ఏ వివరాన్ని బట్టి తిరస్కరించారు, ఆ వివరం ఎక్కడినుంచి తీసుకున్నారు, ఎవరు పరిశీలించారు. నాలుగే ప్రశ్నలు. రేపు పౌరసరఫరాల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆవిడ కూడా వస్తానంది, పనిలో సెలవు అడిగింది.